నా పేరు ముందు పెడితే

బుధవారం, భద్రాచలం

కెనడాలో స్థిరపడటానికి మనకెన్ని మార్కులొస్తాయో చెప్పే వెబ్‌సైట్ ఈరోజు దొరికింది. వయసు, చదువు, అనుభవం నింపితే అదే లెక్కగడుతుంది. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం కదా, దరఖాస్తుదారుగా ఆయన పేరే పెట్టాం. మార్కులు చాల్లేదు. ఆయన ముఖం చిన్నబోయింది.

ఏమవుతుందో చూద్దామని పేర్లు తారుమారు చేశాను. దవాఖానాలో నేను నర్సుగా చేసిన ఏళ్లు కలిసి మార్కులు ఒక్కసారిగా పెరిగాయి.

"ఏందే, గిట్లొచ్చింది? మళ్ల కొట్టు," అన్నారు. కొట్టాను. అవే మార్కులు.

"అయితే నువ్వే నన్ను తీస్కపోతవన్నమాట," అని నవ్వారు. అన్నం తినేటప్పుడు మాత్రం మెల్లగా అడిగారు. "మరి ఆడ నేనేం జెయ్యాలె?"

ఇన్నాళ్లూ కెనడా అంటే ఆయన వెంట వెళ్లడమే అనుకున్నాను. ఆ ప్రశ్న ఒక్కసారైనా నేనెందుకు అడగలేదో...