సాంచాల పక్క బంగళా

భేస్తాన్, సూరత్
6-10-2025

ముత్యం బావకు,

రాజమల్లు దండం పెట్టి రాసుకునేది. ఇక్కడ మేమంతా కులాసా. అక్కడ నువ్వు, జమున చెల్లె, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తవు. మొండితనంలో నిన్ను మించినవాడు లేడు! అందుకే ఈ కాగితం.

పల్సానాలో మనం సాంచాల మీద బట్ట నేసిన ఖాతా, ఆ మరమగ్గాల కార్ఖానా, మూతబడింది. సాంచాలన్నీ జోల్వాలో కొత్త షెడ్డుకు పోయాయి. సేఠ్ కూడా కాలం చేశాడు. ఆయన మనవరాలు ఇప్పుడు బంగళా చరిత్ర, ఖాతా చరిత్ర కలిపి పుస్తకం వేయిస్తోంది. సాంచాలు నడిపిన పాత కారీగర్లలో ఇక్కడ మిగిలింది నేనే కదా, పిలిచి కూర్చోబెట్టింది. ముందు పన్నెండు సాంచాలతో రేకుల షెడ్డు వేశాడనీ, తర్వాతే దాన్ని ఆనుకుని బంగళా కట్టాడనీ, పడకగది కిటికీ షెడ్డు వైపే పెట్టించాడనీ చెప్పాను. రెండు సాంచాలు ఆగితే చాలు, బనీను మీదే ఉరికొచ్చి క్యా హువా, క్యా హువా అని అరిచేవాడంటే ఆ పిల్ల పడిపడి నవ్వింది. ఆ పాలరాతి మెట్ల మీద మనం ఒక్కనాడూ కాలు పెట్టలేదన్నది మాత్రం రాసుకోలేదు.

తర్వాత అచ్చుకు పోయే కాగితాలు చదివి వినిపించింది. బావా, అందులో నీ పేరుంది. 1999 దసరా నాడు ముత్యం అనే కారీగర్ సాంచాకు పూజ చేసి, దీపం ఆర్పకుండా పోయాడట. దారం కండెలకు అంటుకుని ఎనిమిది సాంచాలు, బంగళా వంటగది కాలిపోయాయట. ఇదంతా నిజమేనని నేను సంతకం పెట్టాలట. దీపావళికి వందలమందికి పంచుతారట.

సంతకం పెట్టలేదు, కాదనీ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులని సాకు చెప్పి వచ్చేశాను. అప్పటినుంచి ఒక్కచోట కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు. చాయ్ బండి దాకా పోయి తాగకుండానే తిరిగొస్తున్నాను. ఏందయ్యా గిట్ల తిరుగుతున్నవ్, జర కూసోరాదు అని మా ఇంటిది లింగవ్వ కసురుతోంది. కొడుకు సురేశ్ ఆ సేఠ్ వాళ్ల జోల్వా షెడ్డులోనే సూపర్‌వైజర్. బాపూ, సైన్ కర్ దో నా, ముత్యం మామ ఊర్లె ఉన్నడు, ఆయనకేం తెలుస్తది, నా నౌకరీ సంగతి సోంచాయించు అంటాడు. వాడి మాటకు ఒళ్లు మండింది. చెప్పులేసుకుని మళ్లీ చాయ్ బండి దాకా పోయాను.

ఆనాడు నువ్వు దీపం ఆర్పిన్నని మొత్తుకుంటున్నా నిన్ను గేటు బయటికి గెంటేశారు. చెల్లె నా చెయ్యి పట్టుకుని, అన్నా, నువ్వు ఆడనే ఉంటివి గదా, నువ్వన్న చెప్పరాదే అని ఏడ్చింది. నేను తల దించుకున్నాను. నీ కోపమంతా అందుకేనని తెలుసు. అంతకన్నా పెద్దదే ఉంది బావా, రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇట్లు,
నీ రాజమల్లు

తా.క. 8వ తేదీ: రెండు రోజులుగా ఈ ఉత్తరం జేబులోనే తిరుగుతోంది. నువ్వు ఆనాడు దీపం ఆర్పే పోయావు. నా కళ్లతో చూశాను. పండుగపూట సాంచా ముందు దీపం లేకపోతే కీడని, నువ్వు పోయాక మళ్లీ వెలిగించింది నేనే. నిండా నూనె పోసి తలుపు వేసి వచ్చిందీ నేనే. నిన్న బంగళాకు పోయి ఆ మాట చెప్పేశాను. సురేశ్ నాతో మాట్లాడడం లేదు. కాగితంలో నీ పేరు కొట్టేసి నా పేరు రాశారు. సరిగ్గా రాశారో లేదో దగ్గరుండి చూసుకుని, అప్పుడు సంతకం పెట్టాను.