వందన దస్తూరీ

కుసుమా,

స్వామి దయవల్ల ఇంతవరకు క్షేమం. మీ ఇంటి ఫోను ఎప్పుడూ వందన చేతిలోనే ఉంటుంది. ముందు నీకే తెలియాలని ఉత్తరం రాసి మీ బావగారితో పంపుతున్నాను.

మా గల్లీలో అంగన్‌వాడీ పక్కనే సారా అమ్ముతున్నారని చెప్పాను కదా. మా ఎమ్మెల్యే ఎవరో, ఆఫీసు ఎక్కడో వందనే వెతికిపెట్టింది. నాకు హిందీ రాయడం రాదు కనుక అర్జీ కూడా అదే రాసింది. సోమవారం పట్టుకెళ్లాను. గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నతను ఆఫీసు మనిషే అనుకుని అతని చేతికిచ్చాను. ఇంత బాగా ఎవరు రాశారని అడిగితే, మా చెల్లెలి కూతురని, చరోదా నుంచి రోజూ కాలేజీకి వస్తుందని మురిసిపోతూ చెప్పాను.

నిన్న ఆ సారా అమ్మేవాడే మా ఇంటికొచ్చాడు. మన తెలుగువాడే. చేతిలో మన అర్జీ ఉంది.

"పిల్ల రాత బాగుంది దీదీ! చరోదా నుంచి ఎన్ని గంటలకి దిగుతాదేటి?" అని నవ్వాడు.

అప్పటినుంచి దేవుడి ముందు కూర్చున్నా శ్లోకం సగంలో మరిచిపోతున్నాను.

ఈ వారం వందనను కాలేజీకి పంపకు. తప్పు తనది కాదు, పెద్దమ్మదని చెప్పి, ఆ తర్వాతే కారణం చెప్పు.

శుక్రవారం ఎమ్మెల్యే గారు జనాన్ని కలుస్తారట. భయంగానే ఉంది, అయినా వెళ్తాను. ఈసారి అర్జీ నేనే తెలుగులో రాశాను. అందులో ఏముందో తెలియాలంటే ఆయన నన్నే లోపలికి పిలవాలి.

పెద్దక్క