మళ్ళీ ఒకటో రోజు

మార్చి 11, బుధవారం

బావగారికి మీ మరదలి నమస్కారాలు.

నేనిక్కడ క్షేమమే అని రాయాలి గాని, ఒళ్ళు మండిపోతోంది. మీకు ఫోన్ చేస్తే వెంటనే స్పీకరు పెట్టేస్తారు, పక్కనే అక్క ఉంటుంది. అందుకని మీ ఆఫీసు మెయిలుకే ఈ ఉత్తరం.

మీ దేశం రావడానికి పెట్టుకున్న వీసా కోసం ఈరోజు లాండ్రీలో సెలవు పెట్టి మళ్ళీ వీసా ఆఫీసుకి వెళ్ళాను. తొమ్మిది నెలల్లో ఇది పదకొండోసారి. తొంభై రోజుల్లో నిర్ణయం అని గోడమీద ఇంత బోర్డు. దాని కిందే అద్దం కిటికీ, అద్దానికి అవతల రోజుకో మనిషి, అందరిదీ ఒకటే మాట, పరిశీలనలో ఉందమ్మా అని. మా అక్కకి రెండు కిడ్నీలూ పోయాయి, నాది సరిపోయింది, జూన్ దాటితే ఆమె ఒళ్ళు ఆపరేషనుకి తట్టుకోదని డాక్టరు రాసిచ్చారండీ అంటే, ఆ కాగితం కూడా పరిశీలనలోనే ఉందట!

ఇవాళ మాత్రం నేను కదలలేదు. తొంభై రోజులంటే మీ లెక్కలో ఎన్ని రోజులో చెప్పండి, అప్పుడే పోతాను అన్నాను. వెనక క్యూలో గొణుగుళ్ళు మొదలయ్యాయి. చివరికి కిటికీలో ఉన్నావిడ విసుక్కుంటూ ఫైలు తెప్పించింది. నా దరఖాస్తు నాలుగు కాగితాలు. ఫైలు చూస్తే దిండంత ఉంది.

అవన్నీ మీ మెయిళ్ళే బావగారూ. మా కేసు ఏమైందని ప్రతి సోమవారం మీరు గుర్తుచేస్తూ పంపినవి. ముప్పై ఎనిమిది! ఒక్కోదాన్నీ ప్రింటు తీసి, ముద్ర కొట్టి, ఫైలుకి కుట్టి పెట్టారు. ఫైల్లో కొత్త కాగితం పడితే లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచేనమ్మా, మా రూలంతే అని ఆవిడ చల్లగా చెప్పింది. మరి ఆ ముక్క ఇన్నాళ్ళూ ఒక్కరైనా చెప్పి చావలేదేమని అడిగాను. మీరు అడగలేదు కదా అంది.

నాకు తల తిరిగిపోయింది. మా లాండ్రీలో ఎవరైనా వచ్చి చొక్కా అయిందా అని అడిగితే వాళ్ళ మూటని అడుక్కి తోసేస్తామా? అలా చేస్తే మా ఓనరు నన్ను ఇస్త్రీపెట్టెతో సహా బయటికి గెంటుతాడు. అక్కడ మనిషి ప్రాణం మీదికొస్తే వీళ్ళు ముద్రలు కొడుతూ కూర్చున్నారు. పైగా కొట్టిన ముద్ర ఒక్కటీ వంకర పోలేదు!

మిమ్మల్ని మాత్రం ఏమనను? గుర్తుచేయకపోతే ఏ ఫైలూ కదలదని ఇరవై ఏళ్ళ గుమాస్తా ఉద్యోగంలో నేర్చుకున్నారు. మీ ఆఫీసులో అది నిజమే కావచ్చు. అయినా నాకు మీమీద కూడా కోపంగానే ఉంది, దాచను.

మొన్న సోమవారం మీరు పంపిన మెయిలు నుంచి లెక్కేస్తే జూన్ ఏడుకి తొంభై రోజులు. అప్పుడైనా అక్క ఆపరేషనుకి అందుకోగలను. దండం పెడతాను, ఇక వాళ్ళకి ఒక్క అక్షరం కూడా రాయకండి. వచ్చే సోమవారం చేతులు కట్టుకుని కూర్చోండి.

ఇట్లు,
కోపం తగ్గని మీ మరదలు

తా.క.: మీరు ఆఫీసులో ఉన్నప్పుడు అక్కకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పేశాను. కాకపోతే ఆ మెయిళ్ళన్నీ నేనే పంపానన్నాను. మీరని తెలిస్తే మిమ్మల్ని ఏమీ అనలేక లోలోపల కుమిలిపోతుంది. నన్నయితే బుర్ర లేనిదానా అని మొదలుపెట్టి పది నిమిషాలు ఆగకుండా తిట్టింది. నాలుగు మాటలకే ఆయాసపడే మనిషికి మధ్యలో ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు బావగారూ. మీరు నిజం చెప్పి ఆ తిట్లు ఆపకండి.