కాగితంలో ఉజ్వల పేరు

సెప్టెంబర్ 8, సోమవారం

నా కూతురు ఉజ్వల పోయి ఇవాళ్టికి ఏడు నెలలు. ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. నేనూ అనలేదు. మనవరాలు మైత్రికి లంచ్ బాక్సులో పెరుగన్నం పెట్టాను, తినదని తెలిసే.

మధ్యాహ్నం అల్లుడు శశికాంత్ ఆఫీస్ రూమ్‌లోంచి కిందికి వచ్చి, అత్తయ్యా ఒక మాట అన్నాడు. ఇంటి లోన్ రీఫైనాన్స్ చేయాలట. కొన్నప్పుడు వడ్డీ రేట్ బాగా ఎక్కువట, ఇప్పుడు తగ్గిందట. అప్పుడు రెండు జీతాలు. ఇప్పుడు ఒకటే. ఆ మాట నోటితో అనలేక టేబుల్ మీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఇల్లు మా ఇద్దరి పేర్ల మీద ఉంది, అతనిదీ నాదీ. నాకు జీతం లేదు, క్రెడిట్ లేదు. నా పేరు ఉంటే ఈ లోన్ ఇవ్వమని బ్యాంక్ వాళ్ళు అన్నారట. నా భాగం అతనికి రాసేస్తూ ఒక కాగితం మీద సంతకం పెడితే చాలట.

సరే బాబూ అన్నాను. కడిగిన కంచాలే మళ్ళీ కడిగాను.

సెప్టెంబర్ 9

నేను ఏడో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే ఉండనీ. ఎవరికీ చెప్పలేనిది ఇక్కడైనా రాసుకుంటాను.

ఈ ఇంటి కాగితంలో నా కూతురి పేరు లేదు. నా వల్లే లేదు.

రెండేళ్ళ కింద ఇల్లు చూస్తున్నప్పుడు మా పంతులుగారికి ఫోన్ చేసి ఉజ్వల జాతకం చూడమన్నాను. ముప్పై ఆరు నిండేదాకా భూమి గానీ ఇల్లు గానీ అమ్మాయి పేరు మీద వద్దమ్మా, గండం కనిపిస్తోంది అన్నారు. ఇంక నేను పట్టుబట్టాను. ఉజ్వల పడీ పడీ నవ్వింది. అమెరికాలో ఈ కమ్మింగ్ ఊరి మట్టికి నా నక్షత్రం ఏం తెలుసే అమ్మా అంది. నేను రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు ప్లేట్‌లో అన్నం పెట్టుకొచ్చి, సరేలే, నా బదులు నీ పేరే పెడతాం, ముప్పై ఆరు వచ్చాక మార్చుకుంటా, ముందు తిను తల్లీ అంది. నన్ను తల్లీ అనేది, నేనే దాని బిడ్డనైనట్టు.

ఆఫీసులో ఇచ్చిన షేర్లన్నీ అమ్మి డౌన్ పేమెంట్ కట్టింది అదే. సంతకాలు పెట్టింది నేను. అల్లుణ్ణి ఫ్రెండ్స్ ఏడిపించారట, అమెరికాలో ఇల్లరికం వెళ్ళినవాడివి నువ్వొక్కడివేరా అని.

ముప్పై నాలుగుకే వెళ్ళిపోయింది. తలలో నరం చిట్లింది. పొద్దున స్నానానికి వెళ్ళిన మనిషి బయటికి రాలేదు.

గండం తప్పుతుందనుకున్నాను. దానికి ఇల్లు తప్పించాను, అంతే.

బస్సులో మనవాళ్ళ కోసం సీటు మీద చేతిగుడ్డ వేసి పెడతాం కదా. ఆ కాగితంలో నా పేరు అలాంటిది. అది తీసేస్తే ఆ సీటు ఎవరిదో కూడా ఎవరికీ తెలియదు.

సెప్టెంబర్ 15

లాయర్ ఆఫీస్ నుంచి కాగితం వచ్చింది. మంచం మీద పెట్టి దుప్పటి కప్పాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

నళిని వచ్చింది. మూడిళ్ళ అవతల ఉంటుంది, ఉజ్వల ఫ్రెండ్. టప్పర్‌వేర్‌లో గుత్తివంకాయ తెచ్చింది. విషయం చెప్పగానే గొంతు తగ్గించేసింది, ఇంట్లో ఎవరూ లేకపోయినా. ఆంటీ, మీకు దండం పెడతా, సంతకం మాత్రం పెట్టకండి అంది. శశికాంత్ మంచోడే, కాదనను, కానీ ముప్పై ఏడేళ్ళ మగాడు ఎన్నాళ్ళు ఒంటరిగా ఉంటాడు, రేపు వచ్చేది మీకు గ్లాసుడు కాఫీ ఇస్తుందో లేదో అంది. నేనే ఆమెకి కాఫీ పెట్టిచ్చాను.

నా గతి గురించి నాకు బెంగ లేదు. మైత్రి ఉన్నన్నాళ్ళు ఏ గదిలోనైనా పడుంటాను. ఆ మాట నళినికి చెప్పలేదు. చెబితే జాతకం సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది.

సెప్టెంబర్ 24

లాయరమ్మని అడగాల్సినవి. మర్చిపోతానని రాసుకుంటున్నాను.

నా పేరు తీసేశాక మళ్ళీ ఎప్పుడైనా చేర్చవచ్చా? నా భాగం అల్లుడికి ఇచ్చేముందు ఉజ్వలకి ఇవ్వవచ్చా? ఒక్క రోజుకైనా? పోయినవాళ్ళు సంతకం పెట్టలేరు, తెలుసు. కానీ ఇచ్చేదాన్ని నేను కదా, తీసుకునేవాళ్ళు సంతకం పెట్టాలా?

ఇవి ఇంగ్లీషులో ఎలా అడుగుతారో నాకు తెలియదు. తెలుగులో కూడా ఎవరినీ అడగలేకపోతున్నాను.

సెప్టెంబర్ 30, మంగళవారం

రేట్ లాక్, అంటే ఈ వడ్డీకి బ్యాంక్ ఇచ్చిన గడువు, అక్టోబర్ పదితో అయిపోతుందట. అల్లుడు మూడోసారి అడిగాడు. నేను మూడోసారి రేపు అన్నాను. మోకాళ్ళు నొప్పి అన్నాను. అతను కుర్చీలో కూలబడ్డాడు. గడ్డం చేసుకుని నాలుగు రోజులైనట్టుంది. అరిచినా బాగుండేది. మెల్లగా అన్నాడు. అత్తయ్యా, మీకు వాటా కావాలంటే చెప్పండి, తప్పేం లేదు, ఉజ్జు డబ్బు అది, మీ భాగం లెక్కకట్టి ఇచ్చేస్తాను, నాకు కొంచెం టైమివ్వండి చాలు అన్నాడు.

వాటా.

గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. మైత్రి తలుపు దగ్గరికి వచ్చి అమ్మమ్మా, యు ఓకే? డాడీ సారీ చెప్తుంది అంది. దానికి చెప్తుంది, చెప్తాడు అన్నీ ఒకటే. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఏడుపైంది.

అక్టోబర్ 1

చెప్పేశాను.

మైత్రిని స్కూల్ బస్ ఎక్కించి వస్తుంటే అల్లుడు గరాజ్‌లో ఉన్నాడు. అక్కడే నిలబడి చెప్పాను. బాబూ నాకు ఇల్లొద్దు, వాటా వద్దు, సంతకం పెడితే ఈ ఇంట్లో అది ఎక్కడా లేకుండా పోతుంది, నేను ఆ పాపిష్టి జాతకం చూపించకపోతే ఇవాళ ఆ కాగితంలో ఉండేది దాని పేరే అన్నాను.

అతను చేతిలోని కారు తాళం జేబులో పెట్టేసుకున్నాడు. మీరు ఒక్కరే కాదు అత్తయ్యా, నేనూ సరే అన్నానుగా అన్నాడు. ఆ రోజు ఉజ్వల అతనితో, మూడేళ్ళేగా, అమ్మకి నిద్ర పడుతుంది అందట. నేను అత్తగారితో గొడవెందుకని ఊరుకున్నాను, అంతకంటే ఏమీ లేదు అన్నాడు. ఇద్దరం వాషింగ్ మెషీన్ పక్కన నిలబడి ఏడ్చాం. పిల్ల లేనప్పుడు ఏడవడం మంచిదైంది.

అక్టోబర్ 3, శుక్రవారం

లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం. తెల్ల జుట్టు, నా వయసే ఉంటుంది. నేను రాసుకున్నవన్నీ అల్లుడు ఇంగ్లీషులో అడిగాడు. ఒక్కటీ వదల్లేదు. ఒక్క రోజుకైనా అన్నది అడుగుతూ మధ్యలో ఆపి, మళ్ళీ మొదటినుంచి అడిగాడు. ఆమె నీళ్ళిచ్చింది.

కుదరదట. పోయినవాళ్ళకి ఇల్లు రాయడానికి లేదట. ఆమె అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఓనర్‌గా రాయలేను, కానీ ఈ భాగం అసలు ఎలా వచ్చిందో రాయవచ్చు అందట. ఇల్లు కొన్నప్పుడు డబ్బు పెట్టింది ఈమె కూతురు, ఈమె పేరు పెట్టింది ఆ కూతురి బదులు అని, డీడ్ కాగితంలో పైన రెండు లైన్లు. బ్యాంక్ వాళ్ళు సరేనంటే కౌంటీ రికార్డుల్లోకి, అంటే ఇక్కడి రిజిస్ట్రేషన్ పుస్తకాల్లోకి, ఆ లైన్లతోనే ఎక్కుతుందట.

కూతురి పూర్తి పేరు చెప్పమంది. అల్లుడు నోరు తెరిచేలోపు నేనే చెప్పాను.

అక్టోబర్ 8

బ్యాంక్ సరేనంది.

అక్టోబర్ 10, శుక్రవారం

సంతకం పెట్టాను. తెలుగులోనే పెట్టాను. సాక్షి సంతకం రిసెప్షన్ పిల్ల పెట్టింది, ఎవరో, ఏమో. పెట్టేముందు ఆ రెండు లైన్లు ఎక్కడున్నాయో చూపించమన్నాను. ఉజ్వల అని ఇంగ్లీషులో నేను చదవగలను. అది అక్కడ ఉంది. పక్కన పోయిన మనిషి అని కూడా ఉందట. ఉండనీ. నిజమే కదా.

కారులో అల్లుడు ఆకలేస్తోందా అత్తయ్యా అన్నాడు. వేస్తోంది అన్నాను. చాలా రోజులకి.

నవంబర్ 19, బుధవారం

ఉజ్వల పేరు మీద కవరు వచ్చింది. పేరు కింద హోమ్‌ఓనర్ అని ఉందని మైత్రి చదివింది. కొత్త ఇంటికి కంగ్రాట్స్ అట, ఎవరో ఇంటి కప్పులు బాగుచేసే కంపెనీ వాళ్ళు, రూఫ్ ఫ్రీగా చెక్ చేస్తారట. కౌంటీ రికార్డుల్లోంచి కంప్యూటర్లు పేర్లు ఏరుకుంటాయి అత్తయ్యా, జంక్ మెయిల్, పారేయండి అన్నాడు అల్లుడు. అతనూ పారేయలేదు.

సాయంత్రం మైత్రి చేత ఆ నంబర్‌కి ఫోన్ చేయించాను. శనివారం పదింటికి వస్తారట. ఓనర్ ఇంట్లో ఉండాలట.