సునీత తెచ్చిన పుట్టగొడుగులు

ప్రేమగల అక్కకు,

నీ చెల్లెలు రత్నం వందనాలు. ప్రభువు దయవల్ల ఒంట్లో బాగానే ఉంది, బెంగ పెట్టుకోవద్దు. నువ్వు, బావగారు కులాసాయేనా? నీ నడుం నొప్పి తగ్గిందా? నా కూతురు బుజ్జి ఫోన్‌లో రెండు ముక్కలు మాట్లాడి, పెద్దమ్మా అంటూ నీ ఒళ్లోకి పరిగెడుతోంది. అదీ నాకు కుళ్లే, నవ్వకు. ఇక్కడ ఈ అరబ్బు దేశంలో, మా బుదైయా ఊళ్లో అప్పుడే ఎండలు ముదిరాయి. పని మామూలే. తిండికి లోటు లేదు.

ఫోన్‌లో చెప్పకుండా ఈ ఉత్తరం ఎందుకంటే, నా గదిలోనే ఉండే నేపాలీ అమ్మాయి సునీతకు తెలుగు రాకపోయినా తన పేరు వినబడితే తెలిసిపోతుంది. నేను చెప్పేదంతా ఆమె గురించే. ఊరికి వస్తున్న మన కుమారి చేతికిచ్చి పంపుతున్నాను.

రంజాన్ సెలవులకు నేను పనిచేసే ఇంటి మేడం వాళ్లు టర్కీ వెళ్లారు. వాళ్ల పాప మరియం పుట్టినప్పటి నుంచీ నా చేతుల్లోనే పెరిగింది కదా, నన్నే తీసుకెళ్తారనుకున్నాను. కొత్త చెప్పులు కూడా కొన్నాను. తీరా మేడం, "రత్నా, నువ్వు ఇల్లు చూసుకో. సునీత వస్తుంది" అంది. నిరుడు పనిలోకి వచ్చిన మనిషి విమానం ఎక్కింది. నేను ఖాళీ ఇంట్లో కర్టెన్లు ఉతుక్కుంటూ ఉండిపోయాను.

తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే కథ. వాళ్లు దిగిన కొండ ఊరి పక్కన పైన్ చెట్ల అడవి కిందటి వేసవిలో తగలబడిందట. మన సరుగుడు చెట్లలాంటివే, ఇంకా లావు. మొదళ్లన్నీ బొగ్గు. ఆ బూడిదలోంచి ఇప్పుడు పుట్టగొడుగులు లేచాయట, తేనెపట్టులా గుల్లగుల్లగా. ఊరివాళ్లు దగ్గరుండి ఏరించారట. ఫోటోల నిండా మరియం మసి చేతులు, పక్కన సునీత. ఇప్పుడు పాప అన్నం తినాలన్నా సునీతే కావాలంటోంది. కడుపు మండిపోయింది అక్కా.

మొన్న వంటింట్లో సునీత చిన్న సంచి తెచ్చి నా ముందు పెట్టింది. ఎండబెట్టిన పుట్టగొడుగులు.

"దీదీ, ఇవి నీకోసం దాచాను" అంది హిందీలో.

"నాకెందుకు? నువ్వే తిను. బాగా తిరిగొచ్చావుగా."

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. "మా ఊరి వెనకా ఇలాంటి అడవే దీదీ. అదీ కాలిపోయింది. ఆ చెట్ల మధ్య నిలబడితే మా అమ్మ గుర్తొచ్చింది. పాప చూడకుండా ఏడ్చాను" అంది.

జాలి వేసింది, లేదనను. కానీ ఈ దేశం వచ్చాక మన ఊరిలాంటి చోటు నాకు ఒక్కటీ కనబడలేదు, నిలబడి ఏడవడానికి. అదీ ఆమెకే దొరికింది.

చివరికి నేనే వాటిని నానబెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వేయించాను. ఒకే పళ్లెంలో తిన్నాం.

"ఎలా ఉన్నాయి దీదీ?"

"మా గడ్డివాముల పక్కన లేచేవాటి ముందు ఇవేం పనికొస్తాయి?"

ఆమె ముఖం చిన్నబోయింది. అయినా మిగిలినవన్నీ నా వైపే తోసింది. ఒక్కటీ వదల్లేదు నేను. అంత రుచి ఎప్పుడూ ఎరగను అక్కా.

కుమారి తిరిగొచ్చేటప్పుడు ఎండు మెత్తళ్లు పంపు, వాసన రాకుండా గట్టిగా కట్టించు. రెండు పొట్లాలు కట్టు. ఒకటి సునీతకు. మంచివి మాత్రం నా పొట్లంలో వెయ్యి.

బావగారికి, మీ అత్తగారికి నా వందనాలు చెప్పు. పాస్టరుగారి చేత నా పేరున ప్రార్థన చేయించు. బుజ్జికి ముద్దులు.

నీ దీవెనలు కోరుకునే చెల్లెలు,
రత్నం