ఎప్పుడు చస్తావు?

మార్చి 11, సోమవారం

గోడౌన్ సెట్. క్లైమాక్స్ ఫైట్ మొదలైంది. విలన్ మనుషులం ఓ డజను మందిమి, హీరో ఒక్కడు. అందరం ఒకేసారి మీద పడితే సినిమా అక్కడికే అయిపోతుంది. అందుకే పడం. ఒకడు తన్నులు తింటుంటే మిగతావాళ్ళం చుట్టూ నిలబడి, పిడికిళ్ళు బిగించి, అటూ ఇటూ ఊగుతూ వంతు కోసం చూస్తాం. చదువు ఎగ్గొట్టి నేను నేర్చుకున్న విద్య ఇదే, ఊగడం.

ఇంటికి రాగానే మా ఆవిడ అడిగింది, ఎప్పుడు చస్తావని. మా ఇంట్లో అది తిట్టు కాదు. చచ్చినవాడికి షూటింగ్ ఉండదు, ఇంటిపట్టున ఉంటాడు. శనివారం అన్నాను. ఓహో అని గిన్నెలు సర్దుకుంది.

గురువారం ఆమెకి ఆపరేషన్. కడుపులో గడ్డ. తీసి చూస్తేగానీ మంచిదో చెడ్డదో చెప్పలేనన్నాడు డాక్టరు.

మార్చి 12

ఫైట్ మాస్టర్ని బతిమాలాను, నన్ను బుధవారమే చంపెయ్యండి మాస్టారూ అని. ఆయన నా మీసం పట్టుకుని లాగాడు. ఇంత మీసం ఉన్నోడు ముందే చస్తే జనం ఊరుకుంటారా, నువ్వు విలన్ కుడిభుజానివిరా, నీ తర్వాత విలనే అన్నాడు. ఆపరేషన్ సంగతి చెప్పాను. పగలబడి నవ్వాడు. పోయిన సినిమాకి సెలవు కోసం మేనత్తని చంపావు, అంతకుముందు మామగారిని రెండుసార్లు చంపావు, ఇప్పుడు పెళ్ళాం వంతా అన్నాడు.

ఆ మేనత్త మొన్ననే సెట్‌కొచ్చి ఆయన పక్కన నిలబడి ఫొటో దిగింది.

మీసం గొడవ మా ఆవిడకి చెప్తే నవ్వింది. అయినా నువ్వొచ్చి ఏం చేస్తావ్, కత్తి నువ్వు పట్టుకుంటావా అంది. మళ్ళీ తనే, కొంచెం ముందు చావలేవా అని అడిగింది.

మార్చి 13, మధ్యాహ్నం

చచ్చాను.

హీరో మోచేతి దెబ్బ నా పక్కవాడికి పడాల్సింది. నా వంతు కాదు. ఊగడం ఆపి, దానికి ఎదురెళ్ళి, వెనక్కి ఎగిరి గాజు బల్ల మీద పడ్డాను. శనివారం విలన్ పడాల్సిన బల్ల. ఉన్నదొక్కటే. కట్ అన్నా లేవలేదు. మాస్టారు బూతులు లంకించుకున్నాడు. హీరోకి మాత్రం నవ్వాగలేదు. ఒక్క దెబ్బకి ఇద్దరు, అదిరింది, ఉంచెయ్యండి అన్నాడు.

మాస్టారు వంగి నా చెవిలో, నిజంగానే ఆపరేషనా అని అడిగాడు. శవం ఎలా మాట్లాడుతుంది? కళ్ళమ్మట నీళ్ళు మాత్రం కారాయి. పోరా, చచ్చినోడివి నువ్వింక ఫ్రేములో కనపడకూడదు అన్నాడు.

మార్చి 14, పదకొండు గంటలు

మా ఆవిడని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారు. తలుపు పైన ఎర్ర లైటు. కుర్చీ ఉంది, కూర్చోలేకపోయాను.

ఎవరితోనండీ గొడవ అని నర్సు అడిగింది. చూసుకుంటే, పిడికిళ్ళు బిగించి ఊగుతున్నాను.

మార్చి 15

గడ్డ మంచిదేనట. మా ఆవిడ కళ్ళు తెరిచి, చచ్చావా అంది. ఎప్పుడో అన్నాను. అయితే ఆ మీసం తీసెయ్ అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

తీసేశాను. అద్దంలో ఎవడో, మొదటి దెబ్బకే పోయేవాడు.