ఈ ఏడాది మమ్మల్ని సన్మానించవద్దని మనవి

ప్రాంతీయ తోటల అధికారి గారి సముఖమునకు, కొండమీది మహిళా కాఫీ రైతుల సంఘం కార్యదర్శి వ్రాసుకొను అర్జీ.

విషయం: వచ్చే గురువారం మా కళ్లంలో జరపతలపెట్టిన మహిళా రైతుల సన్మాన సభను అక్కడినుండి తప్పించుట గురించి, నిరుటి నాణ్యతా నివేదికలో ఒక వాక్యమును కొట్టివేయుట గురించి.

సూచిక: తమ కార్యాలయం పంపిన ఆహ్వానపత్రం (రంగులది).

అయ్యా,

తమకు మనవి చేసుకొనునది ఏమనగా, మేము ముప్పై ఒక్క మందిమి. తలా ఎకరమో ఎకరమున్నరో కాఫీ తోట. మా కాఫీ పండ్లను తొక్క తీయకుండా, నీళ్ళలో కడగకుండా, పండును పండుగానే ఎండబెడతాము. ఎస్ప్రెసో అనే చిక్కటి కాఫీకి ఇలా ఎండిన గింజే కావాలని పట్నంలో గింజలు వేయించే ఒకాయన మా దగ్గర కొంటాడు. చిన్న కప్పులో రెండు గుక్కలుండే ఆ కాఫీలో చివరికి పండు తీపి తగలాలంటే, వల బిగించిన ఎత్తు మంచాల మీద పండ్లను పలచగా పోసి, ఇరవై రెండు రోజులపాటు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరగంటకోసారి చేత్తో తిరగెయ్యాలి. ఒక్క రోజు కుప్పగా ఉంటే వేడెక్కి పులుస్తాయి. ఇది తమకు తెలియదని నేను అనడం లేదు. తెలిసీ నిరుడు అలా చేశారని అనడానికి నోరు రావడం లేదు, అంతే.

మా ఇబ్బందులు ఈ క్రింద వరుసగా విన్నవించుకొనుచున్నాను.

1. కొండ మీద చదునైన చోటు మా కళ్లం ఒక్కటే. అందులో ఇరవై నాలుగు మంచాలున్నవి. నిరుడు పండ్లు తొమ్మిదో రోజు ఎండలో ఉండగా, తమ కార్యాలయంలో సభల ఏర్పాట్లు చూసే గుమాస్తా గారు జీపు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నాలుగు వైపులా చూసి, "చాలా బాగుందమ్మా. స్టేజీ ఇటు, కుర్చీలు అటు" అన్నారు.

"మరి మంచాలు?" అన్నాను.

"తీసెయ్యండి. ఒక్క పూటే కదా. గోతాల్లోకి ఎత్తుకుని, మీటింగు అవగానే మళ్ళీ పోసుకోండి."

"బాబూ, ఇవింకా పచ్చిగా ఉన్నాయి. గోతాంలో కడితే ఉడికిపోతాయి."

"మీ కోసం చేసే సభకి మీరే అడ్డం పడితే నేనేం చెప్పనమ్మా పైవాళ్ళకి?"

అని, జేబులోంచి ఒక కాగితం తీసి చూపించారు. కళ్లం వాడుకోవడానికి అభ్యంతరం లేదని దాని మీద నా భర్త సంతకం ఉన్నది. టీ కొట్టు దగ్గర ఆయన్ని పట్టుకుని పెట్టించుకున్నారట. నా భర్త మంచివాడే. ఎవరు కలం చేతికిచ్చినా సంతకం పెడతాడు, పైన ఏముందో చదివి వాళ్ళని నొప్పించడు. కానీ పెళ్ళయిన ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన ఒక్క పండు తిరగేసి ఎరుగడు. మహిళా రైతుల కళ్లానికి మహిళా రైతుల అనుమతి అక్కర్లేదని ఏ నిబంధనలో ఉన్నదో తెలుపగోరుతున్నాను.

2. సభ ఘనంగా జరిగినది. వేదిక వెనక కట్టిన బ్యానరు మీద ఎర్రటి కాఫీ పండ్లు పట్టుకున్న ఆడవాళ్ళ చేతుల బొమ్మ. ఆ బ్యానరు వెనకాలే, కనబడితే అసహ్యంగా ఉంటుందని, మా గోతాలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. ముఖ్య అతిథి గారు మా చేతుల గొప్పతనం మీద మాట్లాడారు. చేతులు అనే మాట పదకొండు సార్లు వచ్చింది, కూర్చుని చేసే పనేమీ లేక లెక్కపెట్టాను. ఆ చేతులకి పైన ఒక తల కూడా అతికి ఉంటుందన్న సంగతి ఒక్కసారీ రాలేదు. ఆయన తాగిన కాఫీ ఫ్లాస్కులో పట్నం నుంచి వచ్చింది, ఇన్‌స్టంట్ పొడి కలిపింది.

మా అత్తగారికి డెబ్బై మూడేళ్ళు. ఎండిన పండును చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపల గింజ తొక్కను విడిచి గలగలమంటుంది. ఆ చప్పుడు విని, ఈ మంచం అయింది, ఆ మంచం ఇంకా రెండు రోజులు, అని చెప్పేది ఆవిడే. ముప్పై ఏళ్ళలో ఆ చెవి తప్పలేదు. ఆ రోజు సన్మానం ఆవిడతోనే మొదలుపెట్టారు. వేదిక ఎక్కేముందు ఆవిడ బ్యానరు వెనక్కి వెళ్ళి గోతాంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వచ్చింది. గాజు జ్ఞాపిక చేతికిచ్చి, రెండు మాటలు చెప్పమన్నారు. మైకు దగ్గర ఆవిడ చెప్పింది సరిగ్గా రెండు మాటలే.

"గోతాలు వేడెక్కుతున్నాయి."

మైకు తీసేసుకున్నారు. "ఎంత నిరాడంబరం చూడండి, సన్మానంలో కూడా పని ధ్యాసే" అన్నారు ముఖ్య అతిథి గారు. చప్పట్లు మోగాయి. అయ్యా, తమరు ముందు వరసలో ఉన్నారు. తమరూ కొట్టారు.

3. ఒక్క పూట అన్నది రెండున్నర రోజులు అయినది. కుర్చీల లారీ ఇంకో సభకి వెళ్ళింది. సామాను కదపొద్దు, లెక్క తగ్గితే మాదే బాధ్యత అని కాపలా మనిషిని పెట్టారు. గోతాలు విప్పేసరికి వెనిగర్ వాసన ముఖాన కొట్టింది, పండ్ల మీద తెల్లటి బూజు. మేమెవరమూ ఏడవలేదు. ఏడుపు వచ్చేంత తీరిక లేదు, పనికొచ్చేవి ఏరుకుంటూ కూర్చున్నాం. ఏరిన నమూనాను తమ కార్యాలయపు రుచి పరీక్షకుడికి పంపితే ఆయన రాసిన వాక్యం ఇది: "పులిసిన వాసన కలదు, ఆరబెట్టు విధానముపై మహిళా రైతులకు అవగాహన లోపించినది."

గోతాం మాట లేదు, సభ మాట లేదు, లారీ మాట లేదు. అవగాహన లోపించినది మాకు.

4. ఆ వాక్యం ఆధారంగా మాకు శిక్షణ మంజూరు అయినది. మంచాలు పక్కకి జరిపి శిక్షణ కూడా కళ్లంలోనే పెట్టారు. వచ్చిన కుర్రాయన మర్యాదస్తుడే, పుస్తకం చూసి చెప్పాడు. మా అత్తగారు మొదటి వరసలో కూర్చుంది. పండు ఆడించి వినడం పాత పద్ధతి, తేమ కొలిచే యంత్రం వాడాలి అన్నాడు. యంత్రం ఏది బాబూ అంటే, వస్తుంది అన్నాడు. పది నెలలైనది, ఇంకా వస్తూనే ఉన్నది. ఆవిడకి "ప్రాథమిక స్థాయి" అని ధ్రువపత్రం ఇచ్చారు.

5. ఇది అన్నిటికంటే ముఖ్యము. ఆ రోజు నుంచి మా అత్తగారు పండు చెవి దగ్గర పెట్టుకోవడం మానేసింది. మంచం దగ్గర నిలబడి, నిన్న కాక మొన్న సంఘంలో చేరిన పిల్లని, "సరిగ్గానే తిరగేస్తున్నానా అమ్మా?" అని అడుగుతుంది. "పెద్ద చదువులవాళ్ళు రాశారు కదే, ఊరికే రాస్తారా?" అంటుంది నాతో. ఆవిడతో నేను ఇరవై ఎనిమిదేళ్ళుగా పోట్లాడుతున్నాను. ఉప్పు దగ్గర్నించి ఓటు దాకా మాకు పడదు. కానీ ఒక్కనాడూ ఆవిడ తనకి తెలిసింది తెలియదని అనలేదు. ఆ ఒక్క పని తమ కాగితం చేసింది.

6. పట్నంలో కొనే ఆయన ఫోన్లో సూటిగానే చెప్పాడు. "ఏమీ అనుకోకక్కా. ఈసారీ పులిస్తే నేను వేరే తోటలు చూసుకోవాల్సిందే." ఆయన మానేస్తే మా పండ్లు ఎవరివో ఎక్కడివో తెలియకుండా లారీలో కలిసిపోతాయి. దాని కోసం ఈ చాకిరీ దేనికని మగవాళ్ళు ఇప్పటికే అంటున్నారు. ఏడు తోటల్లో కాఫీ కొట్టేసి కలప చెట్లు వేద్దామని మొదళ్ళకి సున్నం గుర్తులు పెట్టేశారు. అందులో ఒకటి మాది.

ఇట్టి పరిస్థితిలో, "నిరుడు సభ దిగ్విజయముగా జరిగినందున" అదే కళ్లంలో మళ్ళీ సన్మానమని తమ ఆహ్వానం వచ్చినది. ఈ రోజుకి పండ్లు పన్నెండో రోజులో ఉన్నవి. ఆహ్వానం నా భర్త పేరు మీద వచ్చినది, నన్ను వెంట తీసుకురావలసిందిగా ఆయన్ని కోరారు.

అయ్యా, ప్యాకెట్టు మీద "మహిళలు పండించినది" అని ముద్ర వేస్తే ఆ కాఫీకి గిరాకీ వస్తుంది. వేదిక మీద మమ్మల్ని నిలబెడితే తమ కార్యాలయానికి ఫోటో వస్తుంది. ఆడవాళ్ళం కావడం వల్ల అందరికీ ఏదో ఒకటి కలిసొస్తోంది. మమ్మల్ని ఒక మాట అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం మా మొగుళ్ళు టీ కొట్టు దగ్గర దొరుకుతారు. మమ్మల్ని పొగిడేవాళ్ళు మేము చెప్పేది వినక్కర్లేదని ఎవరు చెప్పారు తమకు? తిట్టినవాణ్ణి ఎదిరించవచ్చు. పొగిడేవాడికి ఎదురు చెబితే గర్విష్ఠి అంటారు. కనుక గర్విష్ఠిగానే రాస్తున్నాను.

కావున తమరు దయతో కాదు, బాధ్యతతో,

సభను తమ కార్యాలయ ప్రాంగణంలో జరపవలెను. అక్కడ ఎండబెట్టేవి ఏవీ లేవు. మేము రాము, మా బ్యానరు చాలును.

నిరుటి నివేదికలో పైన చెప్పిన వాక్యమును కొట్టివేసి, పండ్లను గోతాల్లో కట్టించినది ఎవరో అక్కడ వ్రాయించవలెను. కొట్టివేసిన కాగితము మా అత్తగారి పేర, ఆవిడ పేర మాత్రమే, పంపవలెను.

ఇక మీదట కళ్లం గురించి ఏ సంతకమైనా, పండ్లు తిరగేసే వేళ్ళతో పెట్టినదైతేనే చెల్లవలెను.

పై సంగతులు చిత్తగించవలెను. చిత్తగించి సొరుగులో పెట్టవద్దని మనవి.

తమ విధేయురాలు
(ఆనవాయితీ కనుక వ్రాసితిని)
సంఘం కార్యదర్శి

మరొక్క మాట: ఇది మడిచి కవరులో పెడుతుంటే మా అత్తగారు కళ్లం నుంచి వచ్చి, పండొకటి నా చెవి దగ్గర పెట్టి ఆడించింది. "నువ్వు విను. నాకేం తెలియడం లేదు" అంది. నాకు ఆ చెవి లేదు. అయినా ఆవిడ మొహం చూడలేక, "గలగలమంటోంది అత్తా, అయిపోవచ్చింది" అన్నాను. పండు లాక్కుని తన చెవికి ఆనించుకుంది. పది నెలల తర్వాత మొదటిసారి. "అబద్ధాలాడకు. గింజ ఇంకా తొక్కని పట్టుకునే ఉంది. పది రోజులు పడుతుంది" అని కసిరి, వెనక్కి మంచాల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ పది రోజులే అయ్యా మేమడిగేది. తమ గురువారం వాటి మధ్యలో ఉంది.